చెన్నైలో కరెంటు బిల్లు పెరిగితే ఎక్కడ పట్టుకోవాలి, ఎవరిని అడగాలి

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. చెన్నైలో రోళ్ళ సంగతేమో గానీ, ఏప్రిల్, మే నెలల వాడకానికి జూన్‌లో ఎస్సెమ్మెస్ వచ్చాక చాలా ఇళ్ళల్లో గుండె గుభేల్‌మంటుంది. వడపళని అయినా పెరుంగుడి అయినా, లిఫ్టులో కలిసినా టిఫిన్ సెంటర్లో కలిసినా ఆ వారమంతా మనవాళ్ళు మాట్లాడుకునేది ఒక్కటే: "ఈసారి మీకు ఈబీ ఎంత వచ్చింది?" ఈబీ అంటే ఎలక్ట్రిసిటీ బోర్డు, ఇక్కడ కరెంటు బిల్లునూ అలాగే అంటారు.

ఆ కోపానికి కారణం ఉంది. 2014 డిసెంబరు తర్వాత దాదాపు ఎనిమిదేళ్ళు తమిళనాడులో కరెంటు రేటు పెంచలేదు. 2022 సెప్టెంబరు 10న ఒక్కసారిగా పెంచారు. అంతకుముందు రెండు నెలలకు 500 యూనిట్లు కాల్చిన ఇంటికి 1,130 రూపాయలు వచ్చేది. ఆ రోజు నుంచి అదే వాడకానికి 1,725 అయింది. 2024 జూలైలో మళ్ళీ పెరిగి 1,805కి చేరింది. కరెంటు సరఫరా చేసే సంస్థ పేరు కూడా రెండుసార్లు మారింది. 2010లో టాంజెడ్కో అయింది, 2024లో తమిళనాడు పవర్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్ అయింది. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఈబీనే, కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

కోపంగా సెక్షన్ ఆఫీసుకు, అంటే మీ ప్రాంతపు ఈబీ ఆఫీసుకు, వెళ్తే "మీటర్ తిరిగింది సార్, బిల్లు వచ్చింది" అనే జవాబుతో తిరిగి రావాలి. చేతిలో లెక్కతో వెళ్తే అలా పంపించడం కష్టం. ఆ లెక్క ఎలా తయారు చేసుకోవాలో, దాన్ని పట్టుకుని ఎంతదూరం వెళ్ళవచ్చో ఇక్కడ చెబుతాను.

ముందు ఇది రెండు నెలల బిల్లని గుర్తుపెట్టుకోండి

నెల్లూరు నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. "మా ఊళ్ళో వెయ్యి దాటేది కాదు, ఇక్కడ రెండు వేలు" అంటారు. ఆంధ్రలో బిల్లు నెలకు వస్తుంది, ఇక్కడ రెండు నెలలకు. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇంటికి ఆంధ్రలో 2022లో వచ్చిన స్లాబుల (యూనిట్లు పెరిగేకొద్దీ మారే రేట్ల మెట్లు) ప్రకారం ఎనర్జీ చార్జీ ఒక్కటే 1,235 రూపాయల పైచిలుకు. రెండు నెలలకు 2,470 దాటుతుంది, సర్దుబాటు చార్జీలు మళ్ళీ వేరే. అదే వాడకానికి చెన్నైలో 2024 జూలై రేట్లతో 1,805. మీ కోపం తగ్గించాలని ఇది చెప్పడం లేదు. ఈబీ ఆఫీసులో "మా ఊళ్ళో అయితే" అని మొదలుపెడితే వాదన అక్కడే ఓడిపోతుంది, అందుకే చెబుతున్నాను.

పోల్చాల్సింది మీ ఇంటి పాత బిల్లులతోనే. ఈబీ వెబ్‌సైట్‌లో, యాప్‌లో మీ సర్వీస్ కనెక్షన్ నంబర్ కొడితే పాత రీడింగులు తేదీలతో సహా కనిపిస్తాయి. మీటర్ దగ్గర రీడింగులు రాసే తెల్ల కార్డు ఇంకా ఉంటే అదీ తీయండి. నిరుడు ఇదే కాలం బిల్లు పక్కన ఈసారి బిల్లు పెట్టుకోండి. డిసెంబరు బిల్లుతో జూన్ బిల్లును పోలిస్తే తేలేది ఏమీ ఉండదు.

ఇప్పుడు రూపాయలు పక్కన పెట్టి యూనిట్లు చూడండి. మొత్తం యూనిట్లను రెండు రీడింగుల మధ్య ఉన్న రోజులతో భాగించండి. నిరుడు రోజుకు 8 యూనిట్లు, ఈసారీ 8 యూనిట్లే అయితే మీ వాడకం పెరగలేదు. పెరిగింది రేటో, రోజులో, రెండూనో. రోజుకు 8 ఉన్నది 11 అయితే ఇంట్లోనో మీటర్లోనో కారణం ఉంది. ఈ ఒక్క భాగహారం చేశాకే మిగతా పనుల్లో మీకు ఏది అవసరమో తెలుస్తుంది.

బిల్లు మొత్తంలో అదనపు డిపాజిట్ అని ఏదైనా కలిసిందేమో కూడా చూసుకోండి. అది కరెంటు ఖరీదు కాదు, మీ పేరు మీద సంస్థ దగ్గర ఉండే డబ్బు, దానికి వడ్డీ ఇవ్వాలి.

500 గీత ఎక్కడుందో లెక్క కట్టండి

2024 జూలై పెంపుతో ఇళ్ళకు వేసిన రేట్లు ఇవి. మీ తాజా బిల్లులో వేరే అంకెలు ఉంటే వాటితోనే లెక్క కట్టండి, పద్ధతి ఒకటే.

రెండు నెలల వాడకం 500 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 ఉచితం. 101 నుంచి 200 దాకా యూనిట్ 2 రూపాయల 35 పైసలు. 201 నుంచి 400 దాకా 4.70. 401 నుంచి 500 దాకా 6.30.

వాడకం 500 దాటితే మొదటి 100 అప్పుడూ ఉచితమే. కానీ ఆ 2.35 రేటు మాయమైపోతుంది. 101 నుంచి 400 దాకా అన్నీ 4.70 అవుతాయి. 401 నుంచి 500 దాకా 6.30, ఆపైన 600 దాకా 8.40, 800 దాకా 9.45, వెయ్యి దాకా 10.50, వెయ్యి దాటితే 11.55.

ఇప్పుడు 500కి, 501కి తేడా చూడండి. 500 యూనిట్లకు 1,805 రూపాయలు. 501 యూనిట్లకు 2,048 రూపాయల 40 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 243 రూపాయల 40 పైసలు! 2022కి ముందు ఈ గీత ఇంకా ఘోరంగా ఉండేది. 500కి 1,130 కట్టే ఇల్లు 501కి 1,786 కట్టేది. రేట్లు పెంచినప్పుడు గీత దగ్గరి దెబ్బ కాస్త తగ్గింది, గీత మాత్రం పోలేదు.

చెన్నైలో ఒక ఏసీ, ఒక ఫ్రిజ్, నలుగురు మనుషులు ఉన్న మామూలు ఇల్లు ఎండాకాలంలో సరిగ్గా ఈ గీత చుట్టూనే తిరుగుతుంది. అందుకే పక్కపక్క ఫ్లాట్లలో ఒకేలా బతికే రెండు కుటుంబాలకు నాలుగు వందల తేడాతో బిల్లులు వస్తాయి, ఇద్దరూ మీటర్‌ను అనుమానిస్తారు.

రీడింగ్ తేదీని కాపలా కాయండి

నన్నడిగితే ఈ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే పని ఇదే. చాలామంది చేయనిదీ ఇదే.

మీ ఇంటికి రోజుకు 8 యూనిట్లు ఖర్చవుతుందనుకుందాం. సరిగ్గా 60వ రోజు రీడింగ్ తీస్తే 480 యూనిట్లు, బిల్లు 1,679 రూపాయలు. అసెసర్ (రీడింగ్ తీసే ఉద్యోగి) సెలవులో ఉండో, మధ్యలో పండగ వచ్చో మూడు రోజులు ఆలస్యమైతే 63 రోజులకు 504 యూనిట్లు. బిల్లు 2,073 రూపాయల 60 పైసలు. మీరు అదనంగా కాల్చింది 24 యూనిట్లు, అదనంగా కట్టేది 394 రూపాయల 60 పైసలు.

"వచ్చేసారి మూడు రోజులు తగ్గుతాయిగా, సర్దుకుంటుంది" అని ఆఫీసులో చెబుతారు. కొంత నిజమే, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తర్వాతి రీడింగ్ పాత తేదీకే వస్తే 57 రోజులకు 456 యూనిట్లు, 1,527 రూపాయల 80 పైసలు. రెండు బిల్లులూ కలిపితే 3,601.40. రెండూ వేళకే తీసి ఉంటే 3,358. అంటే సర్దుకున్నాక కూడా 243 రూపాయల 40 పైసలు మీ జేబులోంచి పోయాయి. తప్పు మీది కాదు. "ఎక్కువ వేశారు" అనే మాటకూ, "మూడు రోజుల ఆలస్యానికి 243.40 నష్టం, ఇదిగో రెండు బిల్లులు" అనే మాటకూ ఎదుటివాళ్ళు ఇచ్చే విలువలో చాలా తేడా ఉంటుంది.

కాబట్టి ఇలా చేయండి. పోయినసారి రీడింగ్ తీసిన తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుని, 50వ రోజుకొకటి, 60వ రోజుకొకటి రిమైండర్ పెట్టండి. 50వ రోజు మీటర్ దగ్గరికి వెళ్ళి చూడండి. స్క్రీన్ మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. తేదీ, సమయం, వోల్టేజి అన్నీ వస్తాయి. కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనిపించే అంకె వచ్చినప్పుడు ఫోటో తీయండి. ఆ అంకెలోంచి పోయిన రీడింగ్ తీసేస్తే ఇప్పటిదాకా ఎంత కాలిందో తెలుస్తుంది. 420 దాటిందంటే మిగిలిన పది రోజులు ఏసీ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలో ఇంట్లో మాట్లాడుకోవాలి.

60వ రోజు ఎవరూ రాకపోతే మళ్ళీ ఫోటో తీయండి. మీటర్ నంబర్, రీడింగ్ రెండూ కనిపించాలి. ఆ రోజే సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసి రీడింగ్ ఎప్పుడు తీస్తారని అడగండి. తర్వాత రెండు ముక్కలు మెసేజ్ కూడా పెట్టండి. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది, మెసేజ్‌కి తేదీ ఉంటుంది.

మీటర్ గేటు లోపల ఉండి, మీరు పగలంతా ఆఫీసులో ఉంటే ఇంకో చిక్కు. తలుపు తాళం అని రాసుకుని పాత వాడకం ప్రకారం బిల్లు వేసి వెళ్తారు. తర్వాతసారి నాలుగు నెలల యూనిట్లు ఒకేసారి లెక్కలోకి వస్తాయి. అప్పుడు ఆ మొత్తాన్ని రెండు విడతలుగా విడగొట్టి స్లాబులు వేశారో లేదో తప్పక చూడండి. నాలుగు నెలలవీ ఒకే కుప్పగా వేసి ఉంటే వెంటనే రాసి అడగండి.

రోజువారీ యూనిట్లు పెరిగి ఉంటే మీటర్ చూడండి

ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపేయండి. ఫ్రిజ్, వైఫై, టీవీ కింద వెలిగే ఎర్ర లైటు, అన్నిటికన్నా ముందు ఇన్వర్టర్. చాలా ఇళ్ళలో అనుమానం అంతా ఏసీ మీద ఉంటుంది, నిజానికి తినేది పాతబడిన ఇన్వర్టర్ బ్యాటరీ. అది ఎప్పటికీ నిండదు, చార్జ్ అవుతూనే ఉంటుంది.

అన్నీ ఆపాక మీటర్ మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు చూడండి. ఆగిపోతే మీటర్ ఉత్తినే తిరగడం లేదు. ఇంకా మిణుకుతుంటే మెయిన్ స్విచ్ కూడా దింపేయండి. అప్పుడు ఆగితే మీ వైరింగ్‌లో ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, లేదా మీ లైను మీద ఇంకెవరిదో ఏదో నడుస్తున్నట్టు. పురసవాక్కం, మైలాపూర్ లాంటి చోట్ల పాత ఇళ్ళల్లో మెట్ల దగ్గర లైటు, బోరు మోటారు ఎవరో ఒక పోర్షన్ మీటర్‌కి తగిలించి ఉండటం మామూలే. మెయిన్ దింపినా మిణుకుతుంటే ఇక ఈబీవాళ్ళు వచ్చి చూడాల్సిన పని.

మీటర్ వేగంగా తిరుగుతోందని అనుమానమైతే గీజర్‌తో పరీక్షించవచ్చు. 2000 వాట్ల గీజర్ ఒక్కటే వేసి, చల్లటి నీళ్ళతో పావుగంట నడపండి. అర యూనిట్ కాలాలి. మీటర్‌లో 0.4, 0.5, 0.6 ఏది కనిపించినా ఇబ్బంది లేదు. 0.8 కనిపిస్తే సెక్షన్ ఆఫీసులో మీటర్ టెస్ట్ చేయమని రాతపూర్వకంగా అడిగి, దానికి ఫీజు కట్టి రసీదు తీసుకోండి. అయితే నిజంగా వేగంగా తిరిగే మీటర్లు జనం అనుకున్నంత ఎక్కువ ఉండవు. పై పరీక్షలు చేయకుండా నేరుగా ఫీజు కట్టడం దండగ.

అద్దె ఇల్లయితే, అపార్ట్‌మెంటయితే

పాత మహాబలిపురం రోడ్డు చుట్టుపక్కల అద్దెకుండే కుర్రాళ్ళ బాధ వేరే రకం. వాళ్ళ బిల్లు ఈబీ నుంచి రాదు, ఓనర్ నుంచి వస్తుంది. "యూనిట్ తొమ్మిది రూపాయలు" అని ఒకే మాట. ఈబీ ఏ ఇంటికీ మొదటి యూనిట్ నుంచి చివరి యూనిట్ దాకా ఒకే రేటు వేయదని ఇప్పటికే చూశాం కదా.

మూడు పోర్షన్లకు కలిపి ఒకే ఈబీ మీటర్, లోపల మూడు సబ్‌మీటర్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కరు రెండు నెలలకు 200 యూనిట్లు వాడారు. ఓనర్‌కి 600 యూనిట్లకు వచ్చే బిల్లు 2,880 రూపాయలు, యూనిట్‌కు 4.80 పడినట్టు. మీ వాటా 960. తొమ్మిది చొప్పున మీ దగ్గర తీసుకునేది 1,800. ముగ్గురి దగ్గరా కలిపి ఓనర్‌కి మిగిలేది 2,520. అదే మీ పోర్షన్‌కి సొంత కనెక్షన్ ఉంటే 200 యూనిట్లకు మీరు కట్టేది 235 రూపాయలు.

ఈ లెక్క కాగితం మీద రాసి ఓనర్‌కి మర్యాదగా చూపించండి. మొదట అడగాల్సింది ఈబీ బిల్లు చూపించమని. రెండోది, వాస్తవ బిల్లును సబ్‌మీటర్ల ప్రకారం పంచమని. వేరే వాకిలి, వేరే వంటిల్లు ఉన్న పోర్షన్ అయితే వేరే కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టమని మూడో మాటగా అడగండి, ఖర్చు సగం భరిస్తామనండి. ఇల్లు మారేముందు అడిగితే ఇంకా మంచిది. అడ్వాన్స్ ఇచ్చేశాక మన మాటకు బలం ఉండదు.

అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి మీటర్ సంగతి చాలా అసోసియేషన్లు పట్టించుకోవు. 2022లో లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లకు వేరే కేటగిరీ పెట్టి యూనిట్ 8 రూపాయలు చేశారు. దాని మీద గొడవ అయ్యాక 2023లో చిన్న అపార్ట్‌మెంట్లకు, అంటే పది ఇళ్ళు దాటకుండా, మూడంతస్తులు మించకుండా, లిఫ్టు లేనివాటికి, 5 రూపాయల 50 పైసలకు తగ్గించారు. మీ బిల్డింగ్ ఆ లెక్కలో సరిపోతుందా, బిల్లు మీద పడ్డ కేటగిరీ సరైనదేనా చూడండి. మార్పించుకోనివాళ్ళు పాత రేటే కడుతూ ఉండవచ్చు. మెయింటెనెన్స్ పెరిగిందని సెక్రటరీ మీద అరిచేముందు ఈ ఒక్క కాగితం చూడటం మంచిది.

వాడకం తగ్గించే చోట

ఇక్కడ పెద్దగా ఆగను, ఇవి అందరికీ తెలిసినవే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మీరు తగ్గించే యూనిట్లు ఎప్పుడూ పై స్లాబులోంచే తగ్గుతాయి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ సుమారు 30. రోజుకు 16 గంటలు తిరిగే హాల్ ఫ్యాన్ మార్చితే రెండు నెలల్లో 43 యూనిట్లు మిగులుతాయి. 530 దగ్గర ఉండే ఇంటికి ఆ ఒక్క ఫ్యాన్ గీత దాటకుండా కాపాడుతుంది. ఏసీని 26లో పెట్టి పైన ఫ్యాన్ వేసుకోవడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే సరేసరి.

సొంత డాబా ఉన్నవాళ్ళు సోలార్ ఆలోచించవచ్చు. 2024లో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన అయితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకు డాబా ఎవరిదన్న పంచాయితీ తేలేసరికి పథకం పేరు మారిపోతుంది.

ఫిర్యాదు పెట్టే పద్ధతి

బిల్లు తప్పని తేలినా కట్టకుండా కూర్చోవద్దు. కట్టకపోతే ఫ్యూజు పీకుతారు, అప్పుడు వాదన బిల్లు మీద నుంచి బకాయి మీదకు మళ్ళుతుంది. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షన్ మీకు ఒక దారి ఇస్తోంది. వివాదం ఉన్నప్పుడు అడిగిన మొత్తంగానీ, గత ఆరు నెలల సగటు ప్రకారం వచ్చే మొత్తంగానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడితే కనెక్షన్ తీయకూడదు. కట్టేటప్పుడు ఉత్తరంలో "అండర్ ప్రొటెస్ట్" అన్న మాట తప్పనిసరిగా రాయండి. తేడా రెండు మూడు వందలే అయితే పూర్తిగా కట్టేసి వాదించడమే తలనొప్పి లేని పని. వేలల్లో ఉంటే ఈ సెక్షన్ వాడండి. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది: బకాయిగా వరుసగా చూపిస్తూ రాకపోతే, రెండేళ్ళు దాటిన పాత బాకీని ఒక్కసారిగా వసూలు చేయడానికి వీల్లేదు. ఎప్పటిదో ఆడిట్ తేడా అంటూ కాగితం వస్తే ఈ మాట గుర్తు చేయండి.

మొదటి ఉత్తరం మీ సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి. చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మనవాళ్ళలో కూడా తమిళం గలగలా మాట్లాడి, రాయమంటే నీళ్ళు నమిలేవాళ్ళు చాలామంది. పర్వాలేదు, ఇంగ్లీషులో ఇవ్వవచ్చు. పొడుగ్గా రాయకండి. విషయం ఇంతే ఉండాలి:

"సర్వీస్ కనెక్షన్ నంబర్ ఫలానా. పోయిన రీడింగ్ ఫలానా తేదీన తీశారు. 60వ రోజు ఫలానా తేదీ. ఆ రోజు మీటర్‌లో ఉన్న అంకె ఫోటోలో ఉంది. రీడింగ్ ఫలానా తేదీన, మూడు రోజులు ఆలస్యంగా తీశారు. దానివల్ల వాడకం 480 బదులు 504గా నమోదై 500 దాటిన స్లాబు పడింది. 60వ రోజు రీడింగ్ ప్రకారం బిల్లు సవరించి, తేడాను వచ్చే బిల్లులో జమ చేయవలసిందిగా కోరుతున్నాను."

"దోచుకుంటున్నారు", "ప్రభుత్వం సిగ్గుపడాలి" లాంటివి మనసులోనే ఉంచుకోండి. ఎదురుగా ఉన్న ఏఈ రేటు పెట్టలేదు, ఆయన ఇంటికీ అదే బిల్లు వస్తుంది. కాపీ మీద తేదీతో సంతకం, సీలు వేయించుకోండి. వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి.

అదే రోజు ఈబీవాళ్ళ మిన్నగం కాల్ సెంటర్‌కి, 94987 94987కి, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి నంబర్ రాసుకోండి. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే చేయాల్సిన నంబర్ అనుకుంటారు చాలామంది, బిల్లు ఫిర్యాదులు కూడా తీసుకుంటారు.

జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే, మీ డిస్ట్రిబ్యూషన్ సర్కిల్‌లో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంటుంది. చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థా పెట్టి తీరాల్సిన ఫోరం అది. లాయరు అక్కర్లేదు. ఉత్తరం కాపీ, మిన్నగం నంబర్, ఫోటోలు, లెక్క కాగితం జత చేయండి. అక్కడా కాకపోతే, ఫోరం నిర్ణయం మీద అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్. ఫోరం సంస్థ లోపలిదే కాబట్టి మొదటి మెట్టులో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఆ మెట్టు ఎక్కకుండా అంబుడ్స్‌మన్ వినరు, అందుకే ఎక్కాలి.

రేటు మీదే కోపమైతే వెళ్ళాల్సిన చోటు వేరు

బిల్లు సరిగ్గానే ఉంది, రేటే ఎక్కువ అనుకుంటే ఏఈ, ఫోరం, అంబుడ్స్‌మన్ ఎవరూ ఏమీ చేయలేరు. రేటు నిర్ణయించేది గిండీలో ఉన్న తమిళనాడు విద్యుత్ నియంత్రణ మండలి.

మండలి 2022లో ఇచ్చిన రేట్ల ఆర్డర్‌లో ఒక సూత్రం పెట్టారు. ప్రతి జూలై 1న ధరల సూచీ పెరిగినంత, లేదా ఆరు శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అంత పెంచవచ్చు. 2023లో 2.18 శాతం, 2024లో 4.83, 2025లో 3.16 అలా వచ్చినవే. 2023లోనూ 2025లోనూ ఇళ్ళ వరకు ఆ పెంపును రాష్ట్ర ప్రభుత్వం సబ్సిడీగా భరించింది, 2024లో భరించలేదు. అంటే ప్రతి జూలైలో అడగాల్సిన మనిషి మారతాడు: పెంపు శాతం మండలి సూత్రం నుంచి వస్తుంది, దాన్ని ఇళ్ళ మీద వేయాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. రెండోదానికి మీ ఎమ్మెల్యే ఆఫీసే సరైన చోటు.

పెంపు ఎందుకన్నదానికి 2022లో విద్యుత్ మంత్రి చెప్పిన కారణం సంస్థ అప్పు, సుమారు 1.59 లక్షల కోట్లు. ఎనిమిదేళ్ళు ఓట్ల కోసం రేటు కదపకుండా ఉంచి, అప్పు పేరుకుపోయాక ఒకే దెబ్బలో వేస్తే జనం మండిపడక ఏంచేస్తారు? ఏటా కొద్దికొద్దిగా పెరిగి ఉంటే ఇంత గోల ఉండేది కాదని నా అభిప్రాయం.

నెలనెలా బిల్లు తెస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంకో నమ్మకం ఉంది. 2021 ఎన్నికల్లో డీఎంకే ఇచ్చిన హామీల్లో అదొకటి. అది స్లాబులు ఎలా కోస్తారన్నదాని మీద ఆధారపడుతుంది. స్లాబులను సగానికి కోసి 250 దగ్గర గీత గీస్తే, ఏప్రిల్‌లో 200, మేలో 300 కాల్చిన ఇల్లు మేలో గీత దాటుతుంది. ఇప్పుడు కలిపి 500తో గట్టెక్కుతోంది. కాబట్టి నెలవారీ బిల్లు అడిగేవాళ్ళు స్లాబుల సంగతి కూడా కలిపి అడగాలి.

2022 ఆర్డర్ కాలం 2026-27తో ముగుస్తుంది. ఆ తర్వాతి ఏళ్ళకు సంస్థ మళ్ళీ పిటిషన్ వేయాలి. చట్టంలో 64వ సెక్షన్ ప్రకారం దాన్ని ప్రచురించాలి, ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. 2022 ఆగస్టులో చెన్నై విచారణ కలైవాణర్ అరంగంలో జరిగింది. మామూలు జనం, చిన్న పరిశ్రమలవాళ్ళు వచ్చి మాట్లాడారు. పిటిషన్ పడిందన్న ప్రకటన పేపర్లో వస్తుంది, మండలి వెబ్‌సైట్‌లోనూ పెడతారు. గడువు తేదీ ఆ ప్రకటనలోనే ఉంటుంది.

అభ్యంతరం రాసేటప్పుడు "పేదలం, కట్టలేం" అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఉచిత యూనిట్లు పెంచమంటే అది ప్రభుత్వం పని అంటారు. మండలి చేతిలో ఉన్నదాన్నే అడగండి. కరెంటు కొనుగోలు ఖర్చు, లైన్ నష్టాలు, వడ్డీ భారంలో ఎంత జనం మీద వేయవచ్చని ప్రశ్నించండి. వీటితోపాటు స్లాబుల అమరిక కూడా మండలి పరిధిలోనిదే, కాబట్టి మన ఇళ్ళకు నేరుగా తగిలే రెండు కోర్కెలు పెట్టండి. 500 దాటగానే 2.35 రేటు లాగేసుకోవద్దని ఒకటి. రీడింగ్ ఆలస్యమైతే స్లాబు కూడా ఆ రోజుల మేరకు పొడిగించాలని రెండోది: 60 రోజులకు 500 అయితే 63 రోజులకు గీత 525 దగ్గర ఉండాలి. అలా ఉంటే పైన చెప్పిన 504 యూనిట్ల ఇంటికి గీత తగలదు. మీ రెండు బిల్లుల నకళ్ళు దానికి జత చేయండి. విచారణ రోజు మైకు దగ్గర ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే, ఆ బిల్లుల మీది తేదీలు, యూనిట్లు చదివితే సరిపోతుంది.